గుడ్డిపామును గుర్తుపట్టాలంటే ఏది మేలు: రంగా, పొడవా, పొలుసులా?

వానలు మొదలైతే విశాఖపట్నం సీతమ్మధారలోని మా ఇంట్లో పూలకుండీ జరిపినప్పుడల్లా నల్లటి దారప్పోగు లాంటిది ఒకటి కిందినుంచి బయటపడుతుంది. పక్కింటి పిన్నిగారు వానపామంటారు. వాళ్ల అబ్బాయి పాముపిల్లంటాడు. ఈ తగవు తీర్చడం తేలికే. వానపాము ఒంటినిండా ఉంగరాలు, జిగట. సాగుతూ ముడుచుకుంటూ పోతుంది. గుడ్డిపాము ఒళ్లు పొడిగా, నూనె రాసినట్టు నున్నగా ఉంటుంది. పైగా నాలుక ఆడిస్తుంది. విషం లేదు, చీమల గుడ్లూ చెదల పిల్లలే దాని తిండి.

అసలు చిక్కు ఆ తర్వాతిది: ఇది ఏ గుడ్డిపాము? మన దేశంలో ఇవి ఒక్క జాతి కావు.

చాలామంది ముందు రంగు చూస్తారు. నా లెక్కలో అన్నిటికంటే పనికిరాని గుర్తు అదే. కుండీల్లో దొరికే బ్రాహ్మణి గుడ్డిపాము నల్లగానూ ఉంటుంది, ముదురు గోధుమ రంగులోనూ ఉంటుంది. కుబుసం విడిచే ముందు నీలంగా పాలిపోయి వేరే జాతేమో అనిపిస్తుంది. నేనూ ఒకసారి అలాగే మోసపోయాను.

పొడవు కొంత నయం, అదీ ఒకవైపే. బ్రాహ్మణి సాధారణంగా 15 సెంటీమీటర్లు దాటదు. ద్వీపకల్ప భారతంలో ఉండే ముక్కు గుడ్డిపాము 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కనుక మూరెడు పాము దొరికితే అది బ్రాహ్మణి కాదని తేలిపోతుంది. జానెడు లోపుదైతే మాత్రం పొడవు ఏమీ తేల్చదు, అది పెద్ద జాతి పిల్ల కూడా కావచ్చు. అప్పుడు మూతిని పక్కనుంచి చూడాలి. ముక్కు గుడ్డిపాముకు మూతి కొస చిలుకముక్కులా కిందికి వంగి మొనదేలి ఉంటుంది, బ్రాహ్మణిది గుండ్రం. ఈ రెంటినీ విడదీయడానికి మూతిని మించిన గుర్తు లేదు, భూతద్దం కూడా అక్కర్లేదు.

సన్న గుడ్డిపాము అనే మరో జాతి ఎదురైతే మూతి చూసి లాభం లేదు. అదీ చిన్నదే, మూతీ గుండ్రమే. పొడవుకు తగ్గ లావు లేక బ్రాహ్మణి కన్నా సన్నగా కనిపిస్తుంది, అంతే. ఇక్కడ పొలుసుల వరుసలే దిక్కు. బ్రాహ్మణికి ఒంటి చుట్టూ 20, సన్నదానికి 18. ముక్కు గుడ్డిపాముకైతే 20కి బాగా ఎక్కువే. మిగతా పాముల్లో చాలావాటికి కడుపు కింద వెడల్పాటి పొలుసులుంటాయి కాబట్టి లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. గుడ్డిపాముకు వీపూ కడుపూ ఒకే రకం పొలుసులు, చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటు మరిచిపోతాం. అందుకే చీమలు పట్టిన చచ్చిన పాము దొరికితే ఒక పొలుసు మీద సిరాచుక్క పెట్టి, నడుము దగ్గర, భూతద్దంతో లెక్కిస్తాను. బతికున్నదాన్ని వేళ్ల మధ్య నలిపి లెక్కించడం తప్పు. దానికి మూతి చూసి సరిపెట్టుకోవడమే మంచిది.

దొరికిన చోటు కూడా కొంత చెబుతుంది. బ్రాహ్మణిలో అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. మొక్క వేళ్ల మట్టిలో ఒక్కటి దాగి వెళ్లినా కొత్త ఊళ్లో సంతతి మొదలవుతుంది. అలా ప్రపంచంలో చాలా దేశాలకు పాకింది. కుండీలో దొరికితే ముందుగా దాన్నే అనుమానించాలి, తీర్పు మాత్రం పొలుసులదే.

ఈ జాతికీ మన ఊరికీ పాత చుట్టరికం ఉంది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1796లో అచ్చువేసిన పాముల పుస్తకంలో దీన్ని 'రెండు తలల పాము' అనే తెలుగు పేరుతోనే చేర్చాడు. 1803లో దోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. దాని మూలస్థానంగా నమోదైనది విశాఖపట్నమే.

ఇదంతా చెప్పి 20 వరుసలూ చూపిస్తే పిన్నిగారు శ్రద్ధగా విని, "లెక్క బాగానే ఉంది బాబూ, ఇంతకీ దీని తల ఎటు?" అన్నారు. భూతద్దం ఆవిడ చేతికిచ్చాను. ఒక కొసన పొలుసు కింద రెండు నల్లటి చుక్కలు, కళ్లు. రెండో కొసన చిన్న ముల్లు.