అవెన్యూ రోడ్డులో పాత ఫొటోలు బాగుచేసే షాపు: లేనిది గీయనన్నాడు, అందుకే ఈ రివ్యూ

బెంగళూరులో మైసూర్ బ్యాంక్ సర్కిల్ దగ్గర అవెన్యూ రోడ్డులోకి దిగి, పుస్తకాల షాపులన్నీ దాటి కేఆర్ మార్కెట్ వైపు నడుస్తుంటే దేవుడి పటాలు కట్టే షాపులు వరసగా వస్తాయి. వాటి మధ్య సందులో, మెట్లెక్కి పైకి వెళ్తే ఉంటుంది ఈ షాపు. బోర్డు మీద కన్నడంలో ఫొటో ఫ్రేములు, లామినేషన్ అని తప్ప పేరంటూ ఏమీ లేదు. నడిపే ఆయనది హిందూపురం వైపు, తెలుగే మాట్లాడతాడు. పాత ఫొటోలు బాగుచేయడం పక్కపని అంటాడు గానీ నేను చూసినంతలో ఆయన ప్రాణమంతా దాంట్లోనే ఉంది.

మా పైపోర్షన్‌లో అద్దెకుంటున్న సొమాలియా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది. వాళ్ల అమ్మమ్మ (వాళ్ల భాషలో అయేయో అంటారట) 1991లో సొమాలియా రాజధాని మొగదిషు వదిలి పారిపోయేటప్పుడు బట్టల మూటలో పెట్టుకొచ్చిన ఫొటో ఒక్కటే ఉంది, బ్లాక్ అండ్ వైట్, పెళ్లయిన కొత్తల్లో డాబా మీద నిలబడి తీయించుకున్నది. గాజుకు అంటుకుపోయింది, ఎడమవైపంతా చెమ్మ మరక, ఒక మూల చిరిగింది. మొన్నటి సెలవుల్లో నైరోబీలో ఉన్న అయేయో దగ్గర్నుంచి ఆ అమ్మాయి దాన్ని ఇక్కడికి తెచ్చింది, బెంగళూరులో ఎవరైనా బాగుచేస్తారేమోనని.

మొదట మా ఏరియాలోనే ఒక షాపులో ఇచ్చాం. పేరు రాయను. గంటలో ఇచ్చేశారు, ఏఐతో చేశామని చెప్పారు. ఫొటో మెరిసిపోతోంది. అయేయో ముఖానికి కనురెప్పలు వచ్చాయి, మరక పోయింది, మరక ఉన్నచోట జైపూర్ కోటల్లో ఉండే లాంటి కమాను కిటికీలు రెండు వచ్చాయి. ఆ అమ్మాయి ముచ్చటపడి నైరోబీకి వీడియో కాల్ చేసి చూపించింది. అవతల ముసలావిడ చాలాసేపు చూసి ఒక్క మాట అంది, అమ్మాయి నాకు అర్థం చెప్పింది: "ఇది మా ఇల్లు కాదు." ఆ తర్వాత ఫోన్ ఇంకెవరికో ఇచ్చేసింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అది తెలిశాక ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మొగదిషులో పాత ఊరంటే హమర్ వేన్, షంగాని అని రెండు పేటలు. సముద్రం ఒడ్డునే, ఇరుకు సందులు, తెల్ల సున్నం కొట్టిన డాబా ఇళ్లు. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా వచ్చి చూసేసరికే అది బాగా డబ్బున్న రేవు పట్నం. హమర్ వేన్‌లో ఫఖ్రుద్దీన్ మసీదు కట్టింది 1269లో, అంటే మన ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజుల్లో. అక్కడ ఏలిన ఇటలీవాళ్ల కాలంలో రోడ్ల కోసం కొంత కొట్టేశారు, 1991 నుంచి అంతర్యుద్ధం మిగతా దాన్లో చాలా భాగాన్ని పాడుచేసింది. ఆ పేటల్లో తరతరాలుగా ఉన్న కుటుంబాలను దోచుకున్నారు, వాళ్లు దొరికిన పడవెక్కి పోయారు. కాబట్టి ఇలాంటి ఇళ్లకు మిగిలిన సాక్ష్యం ఎవరి మూటలోనో ఉన్న ఇలాంటి ఫొటోలే, వాటిలో కూడా జైపూర్ కిటికీలు పెట్టేస్తే ఇక ఏం మిగులుతుంది చెప్పండి?

సరే, షాపు సంగతి. తెలిసినాయన చెబితే అవెన్యూ రోడ్డుకు తీసుకెళ్లాం. ఈయన ఫొటో చూడగానే చేసిన మొదటి పని, మా చేతిలోంచి మెల్లగా తీసుకుని, "గాజు నుంచి పీకే ప్రయత్నం చేయలేదు కదా అక్కా?" అని అడగడం. పీకితే బొమ్మ పొర గాజుకే ఉండిపోతుందట. గాజుతో సహా స్కాన్ చేశాడు. అంగుళానికి ఎన్ని చుక్కలో ఏదో చెప్పాడు, నాకు గుర్తులేదు గానీ స్క్రీన్ మీద పెద్దది చేసి చూపిస్తే అయేయో చేతిగాజుల మీద గీతలు కూడా కనిపించాయి. ఎనిమిది రోజులన్నాడు.

ఐదో రోజు ఫోన్ చేశాడు. "అక్కా, ఆవిడ భుజం వెనక గోడ మీద నల్లటి చుక్కలున్నాయి, తేనెతుట్టెలా. ఫంగసే అనుకుని తుడిచేద్దామనుకున్నా, కానీ మరక ఉన్నచోట లేవు, గోడ మీద మాత్రమే ఉన్నాయి. ఒకసారి ఆ అమ్మాయిని అడుగుతారా?" అడిగాను. ఆ అమ్మాయి మెట్లమీదే నిలబడిపోయింది. అవి బూజు చుక్కలు కాదు, రాయి. పగడపు రాయి. ఆ తీరంలో ఇళ్లు కట్టేది సముద్రపు పగడపు రాతితోనే, దాని నిండా చిల్లులుంటాయి. అదే పగడాన్ని కాల్చి సున్నం చేసి పైన పూస్తారు. ఫొటోలో ఆ మూల సున్నం రాలిపోయి లోపలి రాయి బయటపడింది, అంతే. ఆ రాయి సున్నం ఉన్నంతకాలమే బతుకుతుందని, కొన్నేళ్లకోసారి పూత వేయకపోతే వాన నీళ్లు చిల్లుల్లోకి దిగి, పైకప్పు మోసే కర్రలు కుళ్లి, మనుషుల్లేని ఇల్లు తనంతట తనే కూలిపోతుందని ఆ అమ్మాయి చెప్పింది. బాంబు పడక్కర్లేదు, ఇల్లు ఖాళీ అయితే చాలు.

అడగకుండా తుడిచేసి ఉంటే మాకు తెలిసేది కూడా కాదు, గోడ నున్నగా అయిపోయేది. ఆ ఒక్క ఫోన్ కాల్ కోసమే నేను ఈ షాపుకు ఐదు స్టార్లు ఇస్తాను.

రెండో గొడవ మరక దగ్గర. ఎడమవైపు చెమ్మ పట్టిన చోట వెనకాల రెండు గోపురాలు ఉండాలి. అది ఇటలీవాళ్లు 1928లో కట్టిన పెద్ద చర్చి, సిసిలీలోని చెఫలూ చర్చి నమూనాలో. 1989లో అక్కడి బిషప్‌ను చంపేశారు, తర్వాత యుద్ధంలో ఆ గోపురాలూ పోయాయి. దానికైతే పాత పోస్టుకార్డులు బోలెడు దొరుకుతాయి. ఆ అమ్మాయి నాలుగైదు పంపింది, వీటిని చూసి వేసేయండి అని. ఈయన ఒప్పుకోలేదు. కార్డుల్లో చర్చి ఎదుటి నుంచి కనిపిస్తోంది, ఈ డాబా మీంచి ఏ వైపు కనిపించేదో మనకు తెలియదు కదమ్మా, నేను వేస్తే అది నా చర్చి అవుతుంది అన్నాడు. ఆ చోటును చుట్టూ ఉన్న రంగుకు కలిసేలా లేత బూడిదగా వదిలేశాడు. దూరం నుంచి చూస్తే కంటికి అడ్డు రాదు, దగ్గర నుంచి చూస్తే ఇక్కడ ఏదో పోయిందని తెలుస్తుంది. చిరిగిన మూల మాత్రం వట్టి ఆకాశం కాబట్టి పూడ్చాడు, ఏమేం పూడ్చాడో ప్రింటు వెనక పెన్సిల్‌తో రాసి ఇచ్చాడు. మన కోటల మరమ్మతుల్లో ఎంతమంది ఇంత నిజాయితీగా పని చేస్తారు? సిమెంటు మెత్తి రంగులేసేవాళ్లనే చూశాను నేను.

తెచ్చుకునే రోజు ఇంకా కట్టడం కాలేదు, గంటసేపు ఆగమంటే కేఆర్ మార్కెట్ పక్కనున్న బెంగళూరు కోటకు నడిచాం. కెంపేగౌడ 1537లో మట్టితో కట్టించిన చోట హైదర్ అలీ 1761లో రాతికోట కట్టించాడు, 1791లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ దండు గోడ పగలగొట్టి లోపలికొచ్చింది. ఇప్పుడు మిగిలింది ఒక ద్వారం, కొంచెం గోడ. ఆ అమ్మాయి తలేహ్ గురించి చెప్పింది అప్పుడు, సొమాలియాకు ఉత్తరాన, తన రూమ్మేట్ వాళ్ల వైపు ఊరు అది. బ్రిటిష్‌వాళ్ల మీద ఇరవై ఏళ్లు పోరాడిన సయ్యద్ మహమ్మద్ అబ్దుల్లా హసన్ కట్టించిన రాతికోటలు అక్కడున్నాయి. ఆయన పెద్ద కవి కూడా. 1920లో విమానాల నుంచి బాంబులు వేసి ఆయన దండును చెదరగొట్టారు. ఆ కోటలు ఇప్పుడు శిథిలాలు. "మీ కోటకు బోర్డైనా ఉంది ఆంటీ" అంది ఆ అమ్మాయి, పురావస్తు శాఖ వాళ్ల నీలం బోర్డు చూపించి. మాది గుత్తి. మా తాతగారింటి అరుగు రాయి గుత్తి కోట నుంచి తెచ్చిందేనని చిన్నప్పుడు గర్వంగా చెప్పుకునేవాళ్లం. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఇక మైనస్‌లు కూడా చెప్పాలి. ఎనిమిది రోజులన్నది పంతొమ్మిది రోజులైంది. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే జవాబు రాదు, ఫోనే చేయాలి. మొదట వేసిన అద్దం లైటు పడితే మెరిసి ముఖం కనిపించలేదు, అడిగితే గొణక్కుండా మార్చాడు. బాగుచేసి రెండు ప్రింట్లు ఇచ్చినందుకు 1,800, ఒక ఫ్రేముకు 1,450 తీసుకున్నాడు. ఏఐ షాపులో 300లకే అయిపోయింది, ఆ తేడా మీకు ఎక్కువనిపించొచ్చు. మాకు అనిపించలేదు. పార్కింగ్ ఆశ పెట్టుకోకండి, చిక్కపేట మెట్రోలో దిగి నడవండి. ఆదివారం మూసేస్తారు.

ఫ్రేము కట్టించింది పైపోర్షన్‌లో గోడకుంది. రెండో ప్రింటు నైరోబీ వెళ్తున్నవాళ్లతో పంపించాం. చేరిన రోజు రాత్రి ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని కిందికి పరుగెత్తుకొచ్చింది. అయేయో చర్చి పోయిన చోటు గురించి ఏమీ అనలేదు. భుజం వెనక చిల్లుల రాయి మీద వేలు పెట్టి ఆపకుండా మాట్లాడుతోంది. ఆ ఏడు సున్నం వేయించమని అత్తగారు ఎన్నిసార్లు చెప్పినా మామగారు పెళ్లి ఖర్చయిందని వాయిదా వేశాడట.