పదహారు పిన్నుల మూతి మీద నా కోపం

ఈ గ్రాఫిక్స్ కార్డు ఫ్రేములెన్ని, మెమరీ ఎంత అన్న సంగతులు డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను నెల్లూరులో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసుకుంటా. మూడు పెళ్లిళ్ల సీజన్లు ఈ 285 వాట్ల కార్డు మీదే లాగాను. నాలుగు కెమెరాల ఫుటేజీ, దాని మీద డ్రోన్ షాట్లు, అన్నీ ఫోర్‌కేలో పరిచినా టైమ్‌లైన్ తడబడదు. చిప్పుకి దణ్ణం పెట్టొచ్చు. నా కోపమంతా దానికి కరెంటు అందించే పదహారు పిన్నుల కనెక్టర్ మీద.

మొదటి ఏడాది ఏ గొడవా లేదు. వైశాఖం ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు మొదలైంది. పని సగంలో ఉండగా తెర ఉన్నట్టుండి నల్లబడుతుంది, కార్డు ఫ్యాన్లు రయ్యిమని ఫుల్ స్పీడు అందుకుంటాయి, కంప్యూటర్ మాత్రం ఆగదు. ఒకసారి పెళ్లివాళ్లు పక్కనే కూర్చుని ప్రివ్యూ చూస్తుండగానే తెర పోయింది. తలంబ్రాల పాట మాత్రం స్పీకర్లలో నిక్షేపంగా వస్తోంది. పెళ్లికూతురి మేనమామ "ఏం సామీ, మానిటర్ ఎగిరిపోయిందా?" అన్నాడు. నేనూ అదే అనుకుని ఇంకో మానిటర్ తెచ్చి పెట్టాను.

ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ అన్నాడు. సిస్టమ్ అసెంబుల్ చేసిచ్చిన షాపాయన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అన్నాడు. తోటి ఎడిటర్ ఒకడు ఇన్వర్టర్ మారేటప్పుడు వచ్చే కుదుపన్నాడు. విండోస్ తీసి మళ్లీ వేశాం. ప్లగిన్లు, ఫాంట్లు, ఆల్బమ్ టెంప్లేట్లు అన్నీ మళ్లీ ఎక్కించేసరికి తెల్లారింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ నల్ల తెర. ఈసారి కాలిన ప్లాస్టిక్ వాసన కూడా తగిలింది.

కంప్యూటర్ కేబినెట్ తలుపు తీసి చూస్తే, కార్డుకు కరెంటు తెచ్చే కేబుల్ చివరి ప్లగ్గులో ఒక మూలన రెండు పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉబ్బింది. లాగితే అంత సులువుగా ఊడిరాలేదు. లాక్ సరిగ్గానే పడి ఉంది, మధ్యలో సందు లేదు, అడాప్టర్ కూడా కాదు, పవర్ సప్లైతో వచ్చిన సొంత కేబులే. కాకపోతే కనెక్టర్ దాటగానే తీగలు అడ్డంగా వంగిపోయాయి, గాజు తలుపు వాటిని లోపలికి నొక్కుతోంది. మూడున్నర సెంటీమీటర్ల దాకా తీగ తిన్నగా ఉండాలంటారు. షాపులో కట్టిచ్చిన ఆ కేబినెట్‌లో అంత చోటెక్కడిది?

కొత్త కేబుల్ వేశాక కూడా నాకు నమ్మకం కుదరలేదు, ఒక్కో తీగలో ఎంత పారుతోందో చూద్దామనుకున్నా. ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటర్ తగిలించి "సున్నా చూపిస్తా ఉండాదే" అన్నాడు. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే మా వీధి కుర్రాడు నవ్వి, "అన్నా, నీ మీటరు ఏసీది. ఆడ పారేది డీసీ, దానికెట్టా కనపడద్ది?" అని తన మీటర్ తెచ్చాడు. ఫుల్ లోడులో కరెంటు తెచ్చే ఆరు పన్నెండు వోల్టుల తీగల్లో వచ్చిన అంకెలు ఇవి: 7.8, 6.1, 3.9, 1.4, 0.6, 0.2. మొత్తం ఇరవై ఆంపియర్లు. సమంగా పంచుకుంటే తలా మూడుంపావు, మూడున్నర మధ్య రావాలి. ఆరుగురు మోయాల్సిన పల్లకీ ఇద్దరి భుజాల మీద పడింది. కేబుల్ కొత్తదే కాబట్టి చెడింది కార్డు వైపు సాకెట్ పిన్నులేనని అప్పుడు తేలింది.

అసలు తిరకాసు ఇక్కడే. పాత ఎనిమిది పిన్నుల ప్లగ్గు మీద మూడు పన్నెండు వోల్టుల తీగలకు 150 వాట్లే రాసేవాళ్లు, అంటే తీగకు నాలుగు ఆంపియర్ల పైచిలుకు. ఆ పిన్ను దానికి చాలా ఎక్కువే తట్టుకునేది. ఈ కొత్తదాంట్లో ఆరు తీగల మీద 600 వాట్లు పెట్టారు. తీగకు 8.3 ఆంపియర్లు, పిన్ను హద్దు 9.5. పైగా కార్డులోకి వెళ్లగానే ఆరూ ఒక్కటిగా కలిసిపోతాయి. ఏ పిన్ను మీద ఎంత బరువు పడుతోందో కార్డుకు తెలిసే దారి లేదు. నాలుగు పిన్నులు పట్టు వదిలేసినా మిగతా రెండింటితోనే లాగేస్తుంది, అవి ఉడికిపోయేదాకా.

సర్వీస్ సెంటర్లో కౌంటర్ అమ్మాయి టార్చి వేసి చూసి, "బర్న్ మార్క్ ఉంది సార్, ఫిజికల్ డ్యామేజీ కిందకొస్తుంది" అంది. మూడేళ్ల వారంటీలో అప్పటికి సగమైనా కాలేదు. సరిగ్గా గుచ్చి ఉండరు అని ఇంకో మాట కూడా కలిపింది. ఈ వాదన పాతదే. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 అనే ఎన్వీడియా కార్డు వచ్చిన కొన్నాళ్లకే ప్లగ్గులు కరగడం మొదలైతే, నవంబరులో ఆ కంపెనీ కూడా పూర్తిగా గుచ్చకపోవడమే కారణమంది. ఆ తర్వాత సాకెట్ మార్చి 12వీ-2ఇంటూ6 అని పేరు పెట్టారు. అందులో ప్లగ్గు కూర్చుందని కార్డుకు చెప్పే నాలుగు చిన్న సెన్స్ పిన్నులు పొట్టివి, కరెంటు పిన్నులు కాస్త పొడుగు. వదులుగా గుచ్చితే కార్డు లేవనే లేవదు. మంచిదే. కానీ బరువు సమంగా పంచే పని అదీ చెయ్యదు. 2025లో 575 వాట్ల 5090 కార్డు మీద కూడా ఒక్క తీగలో ఇరవై ఆంపియర్లు దాటినట్టు కొలిచి చూపించారు.

చివరికి రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు పోయాను. అక్కడ మేడ మీద చిన్న గదిలో బోర్డులు బాగుచేసే కుర్రాడు, సగం తమిళం సగం తెలుగు. అతికించడం తేలికే, ఊడదీయడమే కష్టమన్నాడు. బోర్డు లోపలున్న రాగి పొరలు వేడినంతా పీల్చేస్తాయి కాబట్టి కింద నుంచి బోర్డును మెల్లగా కాచి, పైన వేడిగాలి పట్టి పాత సాకెట్ లేపాడు. హెచ్ ప్లస్ ప్లస్ అని ముద్ర ఉన్న కొత్త సాకెట్, అంటే ఆ 12వీ-2ఇంటూ6 రకమే, వేశాడు. నాలుగున్నర వేలయింది. ఇంటికొచ్చి సోలార్ కుర్రాడి మీటర్ పెడితే ఆరు తీగలూ మూడుకీ మూడు పాయింట్ ఆరుకీ మధ్యలో ఉన్నాయి. ఆ రాత్రి పడ్డ సంతోషం కార్డు కొన్నరోజు కూడా పడలేదు.

కొత్తల్లో తెలిసిన ఎడిటర్లందరికీ ఇదే తీసుకోండని చెప్పాను. ఇప్పుడూ కాదనను. వెడల్పాటి కేబినెట్ ఉండాలి, ప్లగ్గును ఊరికే పీకి పెట్టకూడదు, దాని రేటింగే ముప్పై సార్లు. సాయంత్రం రెండు గంటలు గేమ్ ఆడుకునే పిల్లలకు నా అవస్థ రాకపోవచ్చు. నా కార్డు సీజన్లో రాత్రంతా ఉడుకుతుంది, మే నెలలో నా గది సంగతి వేరే చెప్పక్కర్లేదు. ప్రస్తుతం పవర్ లిమిట్ ఎనభై శాతానికి దించి నడుపుతున్నా, గాజు తలుపు తీసి గోడకానించా. దుమ్ము పడుతోంది, వారానికోసారి బ్లోయర్ కొట్టాలి. ఇదే పనితనంతో పాత ఎనిమిది పిన్నుల సాకెట్లు రెండున్న కార్డు దొరికితే నేనైతే అటే పోతా. నా ఎడిటింగ్ ప్లగిన్లు సగం ఈ చిప్పు మీదే పరుగెత్తుతాయి కాబట్టి నాకు ఆ వీలు లేదు.