రెండో బీప్ కోసం ఇంగ్లండ్ దాకా

బీబీసీ మైక్రో అనే 1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్ స్విచ్ వేయగానే రెండు శబ్దాలు రావాలి. ముందు "బూ..." అని బరువుగా ఒకటి, ఆ వెంటనే "బీప్" అని సన్నగా ఇంకొకటి. నా దగ్గరున్నది అందులో మోడల్ బీ రకం, అది మొదటి శబ్దం దగ్గరే ఆగిపోయింది. ఆపేదాకా అదే మోత, తెర మీద ఒక్క అక్షరం లేదు. ఆ మోత సౌండ్ చిప్ కరెంటు రాగానే తనంతట తాను చేసేది. లోపలి ప్రోగ్రాం నిద్ర లేచి దాన్ని ఆపాలి. నా దాంట్లో లేవడం లేదు.

బళ్లలో కంప్యూటర్ నేర్పడానికి 1984-85లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలో బళ్లకు వచ్చిన కంప్యూటర్ ఇది. నేను మొట్టమొదట తాకిన కీబోర్డు కూడా ఇదే. అందుకే దీన్ని తుక్కులోకి పంపడానికి మనసు రాలేదు. ఉద్యోగం పని మీద లండన్ వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఇంకో ఐదు రోజులు సెలవు కలుపుకుని, మదర్‌బోర్డు ఊడదీసి బబుల్ షీట్‌లో చుట్టి వెంట తీసుకెళ్లాను.

అప్పటికే ఆరు నెలలుగా తప్పుదారిలో ఉన్నాను. మొదట అనుమానం వచ్చింది 6522 అనే చిప్ మీద. కీబోర్డునూ సౌండ్ చిప్‌నూ నడిపేది అదే. ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర రెండు తెప్పించి పెట్టాను, మార్పు లేదు. సరే, తప్పు ఇక్కడ కాదని వదిలేసి మెమరీ మీద పడ్డాను. ఇందులో 32 కేబీ కోసం 16 చిప్‌లు ఉంటాయి. అలాంటివి ఇప్పుడు దొరకడం కష్టం, బోర్డు నుంచి ఊడదీయడం ఇంకా కష్టం.

లండన్‌లో యూస్టన్ దగ్గర బస. గది చిన్నది, బల్ల అసలే లేదు. బోర్డుని మంచం మీద పరిచి చూడాల్సి వచ్చింది. స్టేషన్ పక్కనే ఉండటం తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. వెళ్లి విడిభాగాల షాపుల్లో వెతుకుదాం అనుకునేవాళ్లకు ఒక మాట: ఊరూరా ఉండే మాప్లిన్ షాపులు 2018లోనే మూతపడ్డాయి. కెపాసిటర్లు, సాకెట్లు కావాలంటే అక్కడ కూడా పోస్టులో తెప్పించుకోవడమే. అందుకు ముందే మీ బసలో పార్సెల్ తీసుకుంటారా అని అడిగి పెట్టుకోండి. నా పార్సెల్‌ను రిసెప్షన్‌లో తీసుకోవడం కుదరదన్నారు, అది వెనక్కి వెళ్లిపోయింది. ఒక రోజంతా దాని కోసం టెన్షన్.

యూస్టన్ నుంచి బ్లెచ్లీకి నేరుగా రైలు ఉంది. స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే బ్లెచ్లీ పార్క్, రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల రహస్య సందేశాలను విప్పిన చోటు. కంప్యూటింగ్ జాతీయ మ్యూజియం అదే ఆవరణలోని బ్లాక్ హెచ్‌లో ఉంది కానీ దాని టికెట్ వేరు, తెరిచే రోజులూ వేరు. చూసుకుని వెళ్లాలి. ఒక్కదానికే సమయం ఉంటే నేను ఈ మ్యూజియమే ఎంచుకుంటాను. ఆ సందేశాలను విప్పడానికి అప్పట్లో వాడిన కొలోసస్ అనే యంత్రం ఇక్కడ ఉంది, కానీ తిరిగి కట్టింది. యుద్ధం తర్వాత అసలు యంత్రాలను విప్పేశారు, డ్రాయింగులు కాల్చేశారు. టోనీ సేల్, ఆయన బృందం మిగిలిన కొద్ది ఫొటోలు, పాత ఇంజనీర్ల జ్ఞాపకాలు పట్టుకుని, తీసేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజీల భాగాలు పోగుచేసి సుమారు 2,500 వాల్వులతో, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో, మళ్లీ నిలబెట్టారు. ఆ వాల్వుల వేడి మొహానికి తగులుతుంటే నా చేతిలోని బోర్డు బాగుపడదని అనుకోబుద్ధి కాలేదు. పక్క గదిలో 1951 నాటి హార్వెల్ డెకట్రాన్ అనే కంప్యూటర్ ఉంది, 2012లో మళ్లీ ప్రాణం పోసుకుంది. నారింజ రంగు చుక్కలు గాజు గొట్టాల్లో గిర్రున తిరుగుతూ లెక్క చేస్తుంటే గంటసేపు అక్కడే నిలబడ్డాను.

బ్లెచ్లీ నుంచి కేంబ్రిడ్జికి నేరుగా రైలు లేదు. బెడ్‌ఫర్డ్ దాకా చిన్న రైల్లో, అక్కడి నుంచి బస్సులో వెళ్లాను. సగం పూట పోయింది. సామానుతో వెళ్లేవాళ్లు లండన్ మీదుగా రావడమే నయం.

కేంబ్రిడ్జిలో గదులు ఖరీదు. ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. ఈ ప్రయాణంలో నాకు నచ్చిన బస అదొక్కటే. నా పని విని, తోటలోని షెడ్డులో పెద్ద బల్ల, దీపం చూపించి "ఇక్కడ సోల్డరింగ్ చేసుకో" అన్నారు. హోటల్ గదిలో పొగ అలారం కింద ఆ పని కుదరదు. ఇలాంటి యాత్రకు గది చూసుకునేటప్పుడు మంచం కన్నా ముందు బల్ల గురించి అడగాలి.

ఈ యంత్రాన్ని తయారుచేసిన ఏకార్న్ కంపెనీ పుట్టింది ఈ ఊళ్లోనే. కంప్యూటింగ్ చరిత్ర కేంద్రం ఊరి నడిబొడ్డున కాకుండా పారిశ్రామిక వాడలో ఉంది, స్టేషన్ నుంచి నడవొచ్చు. బ్లెచ్లీలో పెద్ద యంత్రాలను చూస్తాం, ఇక్కడ చిన్నవాటి ముందు కూర్చుంటాం. 1980ల తరగతి గదిలా బీబీసీ మైక్రోలు వరసగా పెట్టారు. ఒకదాని స్విచ్ వేశాను. బూ, బీప్. తెర మీద "బీబీసీ కంప్యూటర్ 32కే". ఆ శబ్దం రికార్డింగుల్లో ఎన్నోసార్లు విన్నాను, ఎదురుగా విని చాలా ఏళ్లయింది. గొంతు పట్టేసింది.

అసలు పని జరిగింది ఆదివారం పొద్దున, ఆ చుట్టుపక్కల ఒక హాలులో హామ్ రేడియో వాళ్లు, అంటే సరదా కోసం రేడియో నడిపేవాళ్లు, పెట్టిన సంతలో. తొందరగా వెళ్లండి, నోట్లు దగ్గర పెట్టుకోండి. అక్కడ ఒక పెద్దాయన పనిచేస్తున్న బీబీసీ మైక్రో తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. నా కథ విని, నా బోర్డు సాకెట్లలోంచి చిప్‌లు ఒక్కొక్కటీ తీసి తన యంత్రంలో పెట్టి చూశారు. ప్రాసెసర్ బాగుంది. నేను అనుమానించిన మెమరీ మాట సరే, ముందు లోపలి ప్రోగ్రాం ఉండే రోమ్ చిప్ చూద్దామన్నారు, అదీ బాగుంది. నా పాత 6522 పెట్టగానే ఆయన యంత్రం కూడా "బూ..." అని ఆగిపోయింది. నేను కొన్న రెండూ అంతే. ఎసిటోన్ తడిపిన దూదితో వాటి వీపు తుడిస్తే అచ్చు చెరిగిపోయి కింద వేరే నంబరు కనబడింది. నకిలీలు. మొదట అనుమానించిన చిప్పే దోషి. చెడ్డదాని స్థానంలో చెడ్డదే పెట్టి ఆరు నెలలు మెమరీని తప్పుపట్టాను. ఆయన ఐదు పౌండ్లకు పాత 6522 ఒకటి ఇచ్చారు, ఇచ్చేముందు తన యంత్రంలో పెట్టి బీప్ వినిపించారు. కొత్తది కావాలంటే వెస్టర్న్ డిజైన్ సెంటర్ ఇప్పటికీ తయారుచేస్తోందని, దీనికి ఎస్ రకం కాదు, ఎన్ రకం తీసుకోవాలని కాగితం మీద రాసిచ్చారు.

పవర్ సప్లైలోని రిఫా కంపెనీ కెపాసిటర్లు మార్చకుండా మాత్రం ఆన్ చేయొద్దని మూడుసార్లు చెప్పారు. వాటి పైతొడుగు ఏళ్ల మీద పగిలి లోపలికి తేమ చేరుతుంది, ఒకరోజు పెద్ద చప్పుడుతో పొగ చిమ్ముతాయి. కొత్త జత సంతలోనే రెండు పౌండ్లకు దొరికింది. మన కరెంటూ వాళ్లదీ ఒకే 230 వోల్టులు కాబట్టి వేరే మార్పేమీ అక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో బోర్డుని చేతిసంచిలోనే పెట్టుకున్నాను. సెక్యూరిటీ వాళ్లు విప్పి చూశారు, పాత కంప్యూటర్ అంటే నవ్వి పంపేశారు.

ఇంటికొచ్చిన రాత్రే కెపాసిటర్లు మార్చి, చిప్ పెట్టి, స్విచ్ వేశాను. బూ. ఊపిరి బిగబట్టాను. బీప్. ఇప్పుడు ఎఫ్ అక్షరం మీట ఒక్కటి గట్టిగా నొక్కితే గాని పడటం లేదు.