పిల్లాడి మధ్యాహ్నం మందు: డేకేర్‌లో వేయించాలా, మనమే వేసుకోవాలా?

వానలు మొదలయ్యాయంటే మియాపూర్ నుంచి మణికొండ దాకా ఏ డేకేర్ గుమ్మం దగ్గర నిలబడినా పొద్దున్నే ఒకటే మాట వినిపిస్తుంది: "మేడమ్, బ్యాగులో సిరప్ ఉంది, అన్నం తిన్నాక ఐదు ఎంఎల్ వేసేయండి." సీసా మీద పేరుండదు, వెంట చీటీ ఉండదు. టీచర్ తలూపుతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఇంతకన్నా ఏం చేస్తామని అనుకుంటాం గానీ, వేరే దారులున్నాయి.

అసలు మధ్యాహ్నం డోసే లేకుండా చూసుకోవచ్చు. నా ఓటు దీనికే. చెవి ఇన్ఫెక్షన్‌కు తరచూ రాసే అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ సిరప్ చాలావరకు రోజుకు రెండు పూటలే. టిఫిన్‌తో ఒకటి, రాత్రి అన్నంతో ఒకటి వేస్తే ఇంట్లోనే అయిపోతుంది. పైగా పొడిలో నీళ్లు కలిపాక ఆ సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, వారం దాటితే పారబోయాలి. స్కూల్ బ్యాగులో తిప్పే మందు కాదది. మూడు పూటలు రాస్తే, "రెండు పూటలకు సరిపోయేది ఉందా డాక్టర్ గారూ?" అని అక్కడే అడగండి. మనంతట మనం వేళలు మార్చకూడదు.

దగ్గు, జలుబు సిరప్‌లయితే డేకేర్ గడప తొక్కాల్సిన పనే లేదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గుమందు తాగి పిల్లలు చనిపోయాక, 2025 అక్టోబరులో కేంద్రం రెండేళ్లలోపు వాళ్లకు ఇలాంటివి రాయనే వద్దంది.

ఇక డేకేర్ వాళ్లకే అప్పగిస్తే? చిక్కంతా చేతులు మారడంలో ఉంది. పారాసిటమాల్‌నే తీసుకోండి. 5 ఎంఎల్‌లో 120 ఎంజీ ఉన్న సిరప్ దొరుకుతుంది, 250 ఎంజీ ఉన్నదీ దొరుకుతుంది. చుక్కల మందులో ఒక్క ఎంఎల్‌కే 100 ఎంజీ. కిలోకు 15 ఎంజీ లెక్కన పది కిలోల పిల్లకు 150 ఎంజీ కావాలంటే మొదటిది ఆరు ఎంఎల్ పైచిలుకు, రెండోది మూడు, చుక్కలయితే ఒకటిన్నర. మరి "ఐదు ఎంఎల్" అన్నది ఏ సీసాకు? ఎనిమిదింటికి అమ్మమ్మ ఒక డోసు వేసి ఉంటుంది. దింపడానికొచ్చిన నాన్నకు ఆ సంగతి తెలియదు. పదిన్నరకు ఒళ్లు కాలుతోందని ఆయమ్మ మళ్లీ వేస్తుంది. కనీసం నాలుగు గంటలు గడవందే రెండో డోసు పడకూడదు కదా! అందుకే వాట్సాప్‌లో "వేశాం మేడమ్" అని సరిపెట్టే చోటు కన్నా, రిజిస్టర్‌లో మందు పేరు, ఇంట్లో చివరి డోసు వేసిన టైము, ఇక్కడ వేసిన టైము రాసి సంతకం పెట్టే చోటు మేలు. ఫీజు కాస్త ఎక్కువైనా సరే.

ఆస్తమా, ఫిట్స్ ఉన్న పిల్లలకు ఎలాగూ డేకేర్ మీద ఆధారపడక తప్పదు. "మందులు మేం ముట్టుకోం, మీకు ఫోన్ చేస్తాం" అంటే ఒప్పుకోకండి. ఫోనొచ్చాక గచ్చిబౌలి ట్రాఫిక్ దాటి మనం వెళ్లేదెప్పుడు? ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం (స్పేసర్) పిల్లాడికి దగ్గరలోనే ఉండాలి, ఆఫీసు బీరువాలో తాళం వేసి కాదు. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే వాడమని కొందరు డాక్టర్లు ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే రాసిస్తారు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, తాళాల గుత్తి చేతిలో పెడితే ఒరిగేదేమీ లేదని, 108కి ఫోన్ చేయాలని తెలుసో లేదో ప్రిన్సిపాల్ గదిలో కాకుండా ఆయమ్మనే అడిగి చూడండి.

ఆఫీసు క్రెచ్, అంటే ఉద్యోగుల పిల్లల కోసం ఆఫీసే ఏర్పాటు చేసే డేకేర్, మాట చాలామందికి తట్టదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించాక, 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలు క్రెచ్ ఏర్పాటు చేయాలి, తల్లిని రోజుకు నాలుగుసార్లు వెళ్లి రానివ్వాలి. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లకు భోజనం ముందు ఇన్సులిన్ ఇవ్వాల్సి వస్తే నాకు ఇదే మెరుగనిపిస్తుంది. ఎంత తింటుందో చూసి ఇచ్చే మందు అది, అమ్మ లిఫ్ట్ దిగి వస్తే సరిపోతుంది. తండ్రికి మాత్రం చట్టం ఆ నాలుగుసార్ల వెసులుబాటు ఇవ్వలేదు. కొన్ని కంపెనీలు సొంత క్రెచ్ లేకుండా బయట డేకేర్‌తో టై-అప్ పెట్టుకుంటాయి కాబట్టి, చేరేముందే అది ఏ బిల్డింగ్‌లో ఉందో హెచ్‌ఆర్‌ని అడిగి తెలుసుకోండి.