రోడ్డు మీది బోర్డా, 511 నంబరా: ఏది మేలు?

అమెరికాలో రాష్ట్ర రవాణా శాఖలు, అంటే డీఓటీలు, ప్రయాణికులకి కబురు చేర్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి ఫ్రీవే మీద తల పైన వెలిగే ఎలక్ట్రానిక్ బోర్డు. రెండోది 511: ఫోన్ చేసినా, వెబ్‌సైటో యాపో తెరిచినా రోడ్ల పరిస్థితి చెప్పే సేవ.

బోర్డుకున్న బలం, మనం అడగక్కర్లేకపోవడం. ముందు యాక్సిడెంటయి లేన్ మూసేస్తే, ఆ దారిలో వస్తున్న వాళ్లందరికీ తెలుస్తుంది, ఆ చోటికి కొత్తవాళ్లతో సహా. కాకపోతే చోటు తక్కువ. సమాఖ్య నియమాల ప్రకారం ఒకసారికి మూడు వరుసలు, వరుసకి 20 అక్షరాలు. వేగంగా పోయేవాడు అంతకన్నా చదవలేడు కూడా.

అసలు చిక్కు బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు వస్తుంది. ఖాళీ బోర్డుని చూస్తే ఏదో ఒకటి రాయాలనిపిస్తుంది కాబోలు. టెక్సాస్‌లో 2012 నుంచి నెలకో వారం పాటు, ఆ ఏడాది రోడ్ల మీద ఎంతమంది చనిపోయారో లెక్క చూపించారు. చూసి జాగ్రత్తపడతారని ఆశ. జరిగింది వేరు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆ వారాల్లో బోర్డు దాటాక 10 కిలోమీటర్ల మేర ప్రమాదాలు 4.5 శాతం పెరిగాయి. సంఖ్య ఎంత పెద్దదైతే చేటు అంత ఎక్కువ. చావుల లెక్క మీదికి మనసు పోతే, పక్క లేన్‌లోంచి దూరే కారు మీద ఏం ఉంటుంది? చమత్కారాలదీ ఇంచుమించు ఇదే కథ. న్యూజెర్సీ బోర్డుల మీది చతురోక్తులని 2022లో సమాఖ్య హైవే శాఖ ఆపించింది. 2023 డిసెంబరులో వచ్చిన, రోడ్డు గుర్తుల నియమాలు చెప్పే జాతీయ మాన్యువల్ కూడా అలాంటివి వద్దంది. చదివి నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, అయినా ఆపడమే సబబు.

511 నంబరుని 2000లో ఎఫ్‌సీసీ, అంటే సమాఖ్య కమ్యూనికేషన్ల కమిషన్, కేటాయించింది. అంతకుముందు ఒక్కో చోట ఒక్కో నంబరు. దీని విలువ గుమ్మం దాటకముందే తెలుస్తుంది. మంచు తుఫాను రోజున మిన్నెసోటాలో రోడ్డు ఎలా ఉందో, మంచు తోసే బండి కెమెరా తీసిన ఫొటోతో సహా చూసి, ప్రయాణం మానుకోవచ్చు. బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆ అవకాశం దాటిపోయి ఉంటుంది. లోపం ఏమిటంటే, అడిగినవాడికే చెబుతుంది. పైగా రాష్ట్రం దాటితే సేవ మారిపోతుంది. కాలిఫోర్నియాలోనైతే ప్రాంతాన్ని బట్టే వేరు.

నన్నడిగితే బయల్దేరే ముందు 511, దారిలో బోర్డు. డబ్బు ఒక్కదానికే ఉందంటే 511కే నా ఓటు. బోర్డు మాత్రం నిజంగా చెప్పాల్సింది ఉన్నప్పుడే వెలగాలి.

ఈ రెండిట్లోనూ మాట్లాడేది డీఓటీయే. మన మాట వాళ్లకి చేరాలంటే దారి వేరే ఉంది. ఏ రోడ్డుకి ఎప్పుడు ఎంత ఖర్చుపెడతారో చెప్పే ప్రణాళిక ప్రతి రాష్ట్రానికీ ఉంటుంది, కనీసం నాలుగేళ్లకి. ఖరారు చేసేముందు జనం అభిప్రాయం అడగడం తప్పనిసరి. మిన్నెసోటాలో మంచు బండ్లకి పేర్లు పెట్టే పోటీ పెడితే జనం సరదాగా ఓట్లేశారు. ఆ బండి తిరిగే రోడ్డుని ఎప్పుడు వెడల్పు చేస్తారన్న ముసాయిదాకి మాత్రం పేరు కూడా ఎవరికీ గుర్తుండదు.