కొండ దిగేటప్పుడు ట్రాలీని ఎవరు పట్టుకోవాలి: ట్రాక్టరా, ట్రాలీ బ్రేకులా, తాడా?

కొండ ఎక్కేటప్పుడు ట్రాక్టర్‌కి చేతకాకపోతే ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు చేతకాకపోతే ఆగదు. చిన్న ట్రాక్టర్లు రెండు, వాటితో ఒక ట్రాలీ, నిటారుగా దిగే మట్టి బాట: వీటిని కిందికి చేర్చడానికి నాలుగు దారులున్నాయి. ట్రాలీని తగిలించుకుని నేరుగా దిగడం, వెనక రెండో ట్రాక్టర్‌ని కట్టి ఆపుకుంటూ దిగడం, ట్రాలీని విడదీసి తాడు మీద వదలడం, లేదా రివర్సులో దిగడం. ఏది మేలు అన్నది హార్స్‌పవర్‌ని బట్టి తేలదు. ట్రాలీ బరువుని ఎవరు పట్టుకుంటున్నారో దాన్ని బట్టి తేలుతుంది.

ముందు చిన్న లెక్క. ఐదు మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు దిగే బాట అంటే 20 శాతం వాలు. ట్రాక్టర్ 800 కిలోలు, సరుకుతో కలిపి ట్రాలీ టన్ను అనుకుందాం. ఈ 1800 కిలోల్నీ ఆ వాలు సుమారు 350 కిలోల బలంతో కిందికి లాగుతుంది. ట్రాలీకి బ్రేకులు లేకపోతే ఆ బలాన్నంతా ఆపాల్సింది ట్రాక్టర్ టైర్లే. కంకర కలిసిన మట్టి మీద టైరు పట్టు, దానిమీద పడే బరువులో సగం అనుకుంటే నాలుగు చక్రాలూ కలిసి ఆపగలిగేది 390 కిలోలు. అంచు మీద ఉన్నట్టే లెక్క. అదే బాట 20 డిగ్రీలైతే, అంటే 36 శాతమైతే, లాగే బలం 600 కిలోలు దాటిపోతుంది, పట్టేమో 375కి తగ్గుతుంది. అక్కడ డ్రైవర్ ఎంత చెయ్యి తిరిగినవాడైనా లాభం లేదు. చక్రాలు తిరగడం ఆగిపోయినా బండి జారుతూనే ఉంటుంది. (డిగ్రీలు వేరు, శాతం వేరు. 100 శాతం వాలు అంటే 45 డిగ్రీలు. మాన్యువల్‌లో డిగ్రీల్లో ఉన్న అంకెని శాతమనుకుంటే పర్లేదు, జాగ్రత్త వైపే పొరపాటు. శాతాన్ని డిగ్రీలనుకుంటేనే కొంప మునిగేది.)

తగిలించుకుని దిగడం

అందరూ ముందు ఎంచుకునేది ఇదే. చాలా బాటలకి ఇది చాలు కూడా. ట్రాలీ బరువు ట్రాక్టర్ బరువులో సగం లోపు ఉండి, వాలు 15 శాతం దాటకుండా, నేల పొడిగా ఉంటే నేనైతే వేరే పద్ధతి గురించి ఆలోచించను. కాకపోతే కొన్ని పనులు పల్లం మొదలవ్వక ముందే అయిపోవాలి.

గేరు పైనే ఎంచుకోవాలి. లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేర్ల వరస), ఒకటో గేరు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే, లేదంటే దానికన్నా ఒకటి తక్కువ. ఇంజనే బండిని పట్టుకుని నడిపిస్తుంది, మనిషి నడిచినంత వేగం చాలు. మధ్యలో గేరు మారుద్దామని క్లచ్ తొక్కితే ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. ఒకటి రెండు సెకన్లలోనే వేగం పెరిగి, తిరిగి గేరు పడదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దొర్లించే అలవాటు చదును రోడ్డు మీదే చెడ్డది, ఇక్కడైతే ప్రాణాంతకం.

రెండోది ఫోర్ వీల్ డ్రైవ్. అది ఎక్కడానికే అనుకునేవాళ్లు చాలామంది. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. పల్లంలో బరువు ముందుకి ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికైపోతాయి. బ్రేకున్న చక్రాల మీద బరువు లేదు, బరువున్న చక్రాలకి బ్రేకు లేదు. ఫోర్ వీల్ వేస్తే ముందు ఇరుసు కూడా గేర్‌బాక్స్‌తో ముడిపడుతుంది కాబట్టి ఇంజన్ పట్టు, వెనక బ్రేకుల పట్టు రెండూ నాలుగు చక్రాలకీ అందుతాయి. పైన చెప్పిన 390 కిలోలు అలా వచ్చినవే. టూ వీల్‌లో అందులో సగం కూడా ఆశ పెట్టుకోకూడదు. కుడి, ఎడమ బ్రేకు పెడళ్లని కలిపే గొళ్లెం వేసి ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఒక్క పెడల్ మీదే కాలు పడితే ట్రాక్టర్ ఆ వైపుకి తిరిగిపోతుంది.

పల్లం మొదలైన చోట హిచ్ (ట్రాలీని ట్రాక్టర్‌కి తగిలించే చోటు) వైపు చెవి పెట్టండి. అప్పటిదాకా పిన్నుని వెనక్కి లాగుతూ వచ్చిన ట్రాలీ కాస్త ముందుకి జరిగి ‘టక్’మని ఆనుకుంటుంది. డ్రాబార్ (ట్రాలీ ముందుండే లాగుడు కడ్డీ) కన్నంలో ఉన్న వదులంతా ఆ చప్పుడుతో అయిపోయింది. ఇక మీరు ట్రాలీని లాగడం లేదు, ట్రాలీయే మిమ్మల్ని నెడుతోంది. నేరుగా ఉన్న బాటలో ఫర్వాలేదు. మలుపులో ట్రాక్టర్ ఒక వైపుకి తిరిగి, ట్రాలీ ఇంకా పాత దిక్కులోనే నెడితే ఆ బలం వెనక చక్రాల్ని పక్కకి తోస్తుంది. ట్రాలీ అడ్డం తిరిగి ట్రాక్టర్‌ని కుమ్మేసే ప్రమాదం ఇలాగే వస్తుంది. వెనక చక్రాలు జారడం మొదలైతే ఇంకా గట్టిగా బ్రేకు తొక్కాలనిపిస్తుంది. చేయాల్సింది దానికి తిరగేసి: బ్రేకు వదలాలి, ముందు చక్రాలు బాట వైపే ఉంచాలి, యాక్సిలరేటర్ రవ్వంత ఇచ్చి చక్రాలు మళ్లీ తిరిగేలా చేయాలి. చెప్పినంత తేలిక కాదు. అందుకే మలుపులున్న బాటకి ఈ పద్ధతిలో బరువు ఇంకా తగ్గించమంటాను.

గేర్ల ట్రాక్టరా, హైడ్రోస్టాటిక్ ట్రాక్టరా అన్న వాదన ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. హైడ్రోస్టాటిక్‌లో, అంటే గేర్లకి బదులు నూనె ఒత్తిడితో నడిచేదాంట్లో, పెడల్ మీంచి కాలు కొద్దిగా తీస్తే బండి నెమ్మదిస్తుంది, కొత్తవాళ్లకి టెన్షన్ తక్కువ. కానీ దాని రేంజ్ లివర్‌ని వాలు మీద కదిపితే మధ్యలో న్యూట్రల్ వస్తుంది, అప్పుడు పెడల్ ఏమీ పట్టుకోదు. హై రేంజ్‌లో దాని పట్టు కూడా బాగా తక్కువ. ఒంటరి ట్రాక్టర్ దించడానికి హైడ్రోస్టాటిక్ హాయి. వెనక బరువైన ట్రాలీ ఉంటే నా ఓటు గేర్లకే.

ట్రాలీకి సొంత బ్రేకులుంటే

ఇక్కడ లెక్క మొత్తం మారిపోతుంది. ట్రాలీ తన బరువుని తానే పట్టుకుంటుంది. వాటిలోనూ రకాలున్నాయి. ఓవర్‌రన్ బ్రేకుకి వైర్లు, పైపులు అక్కర్లేదు. ట్రాలీ ముందుకి నెట్టినప్పుడు హిచ్ లోపలికి నొక్కుకుని బ్రేకు దానంతటదే పడుతుంది. రివర్సుకి దాన్ని లాక్ చేసే ఏర్పాటు చాలావాటికి ఉంటుంది. రివర్సు అయ్యాక ఆ లాక్ తీయడం మర్చిపోతే, బ్రేకులున్నాయన్న ధైర్యంతో బ్రేకుల్లేని ట్రాలీని దించుతున్నట్టే. ఎలక్ట్రిక్ బ్రేకులైతే ట్రాక్టర్ బ్రేకు ముట్టుకోకుండా ట్రాలీ ఒక్కదాన్నే వెనక్కి పట్టవచ్చు. మలుపు ముందు అలా చిన్నగా పట్టి ఉంచితే డ్రాబార్ మళ్లీ లాగుడులోకి వస్తుంది, ట్రాక్టర్, ట్రాలీ జత ఒకే వరసలో నిలబడుతుంది.

బ్రేకులు ఏవైనా సరే, వేడి సంగతి మర్చిపోకూడదు. 1800 కిలోల జత 100 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడి ఐదున్నర లీటర్ల చన్నీళ్లని మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని ఇంజన్‌కి వదిలేస్తే గాలిలో, రేడియేటర్‌లో పోతుంది. అంతా బ్రేకులకే వదిలేస్తే బాట చివరికి వచ్చేసరికి పెడల్ తొక్కినా పట్టు దొరకదు. చివరి మలుపులోనే బండి అదుపు తప్పడానికి చాలాసార్లు కారణం ఇదే.

అన్నిటికన్నా నాకు నచ్చేది నడిచే ఇరుసున్న ట్రాలీ. ఆల్ప్స్ లాంటి కొండ ప్రాంతాల్లో చిన్న ట్రాక్టర్లకి ఇది వాడతారు. చక్రాల వేగంతో పాటు తిరిగే పీటీవో (ఇంజన్ బలాన్ని ట్రాక్టర్ బయటికి అందించే కొన) నుంచి షాఫ్ట్ వెళ్లి ట్రాలీ చక్రాలకి కలుస్తుంది. ఎక్కేటప్పుడు అవీ లాగుతాయి, దిగేటప్పుడు అవీ ఇంజన్‌కి కట్టుబడి ఉంటాయి. ట్రాలీ మీద ఎంత బరువు వేస్తే దాని చక్రాల పట్టు అంత పెరుగుతుంది. కాకపోతే ట్రాక్టర్‌కీ ట్రాలీకీ గేరు నిష్పత్తి, టైరు సైజు సరిగ్గా కుదరాలి. ఏదో ఒక టైరు మార్చేసి తగిలించే వ్యవహారం కాదు.

రెండు చక్రాల పవర్ టిల్లర్‌కి ట్రాలీ తగిలించి దించేవాళ్లు ఒక్క విషయం తెలుసుకుని తీరాలి. చదునులో ఎడమ లివర్ నొక్కితే ఎడమ చక్రానికి ఇంజన్ బలం ఆగి బండి ఎడమకి తిరుగుతుంది. నిటారు పల్లంలో ట్రాలీ నెడుతున్నప్పుడు అదే లివర్ నొక్కితే, ఇంజన్ పట్టు వదిలిన ఎడమ చక్రం ఇంకా జోరుగా దొర్లి బండి కుడికి తిరుగుతుంది. లోయ ఎడమ వైపుంటే చెయ్యి ఏ లివర్ మీదకి పోతుందో ఊహించండి. అనుభవం లేని చేతికి పవర్ టిల్లర్‌తో బరువైన ట్రాలీ ఇచ్చి నిటారు బాట దించమనడం కన్నా ట్రాలీని తాడు మీద దించడమే నయం.

వెనక ఇంకో ట్రాక్టర్ కట్టడమా, చెట్టుకి తాడు వేయడమా?

రెండు ట్రాక్టర్లున్నాయి కదా, ఒకటి ముందు ట్రాలీతో దిగుతుంది, రెండోది వెనక తాడుతో పట్టుకుంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వెనక ట్రాక్టర్ కూడా అదే వాలు మీద, అదే జారుడు నేల మీద ఉంది. తన బరువుని పట్టుకోవడానికే దాని పట్టులో సగం పోతుంది. ముందు జత జారితే అది కూడా వెంట వస్తుంది, ఒక ప్రమాదం రెండవుతుంది. ఇద్దరు డ్రైవర్లు ఒకే వేగంతో దిగాలి, తాడు సడలిపోయి మళ్లీ ఒక్కసారిగా బిగిస్తే ఆ కుదుపు మామూలు బరువుకి ఎన్నో రెట్లుంటుంది. రెండో ట్రాక్టర్ పైన చదును నేల మీద కదలకుండా నిలబడి, వించి (తాడు చుట్టి వదిలే యంత్రం) ఉంటే తాడు వదులుతూ పట్టుకోవడం వేరు సంగతి. కదిలే లంగరుని మాత్రం నేను ఒప్పుకోను.

చెట్టు కదలదు. 1846లో అమెరికాలో మౌంట్ హుడ్ పక్కగా బార్లో రోడ్డు తెరిచినప్పుడు, లారెల్ హిల్ దగ్గర వలస బళ్లని ఇలాగే దించారు. తాళ్లని చెట్లకి చుట్టి కొద్దికొద్దిగా వదిలేవారు, నరికిన చెట్లని బండి వెనక కట్టి ఈడ్పించేవారు. ఇందులో పనిచేసేది తాడు చుట్టల రాపిడి. రాపిడి గుణకం 0.3 అనుకుంటే ఒక పూర్తి చుట్టుకి పట్టు ఆరు రెట్లు పైన పెరుగుతుంది, రెండు చుట్లకి 40 రెట్లు దాటుతుంది. 20 శాతం వాలులో టన్ను ట్రాలీ లాగే 196 కిలోల బలాన్ని, రెండు చుట్లు వేసిన మనిషి ఐదు కిలోల లోపు బలంతో పట్టుకోవచ్చు. నైలాన్ తాడు బాగా సాగుతుంది, తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. ఈ పనికి తక్కువ సాగే పాలిస్టర్ తాడు మేలు, అదైనా గబగబా వదిలితే రాపిడి వేడికి కరుగుతుంది. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. చెట్టు లావుది, పచ్చిది అయి ఉండాలి, చుట్లు మొదట్లోనే, నేలకి దగ్గరగా పడాలి.

ట్రాలీని దించేటప్పుడు తాడు డ్రాబార్‌కి కట్టి, తోక ముందు పెట్టి వదలాలి. సరుకు కాస్త డ్రాబార్ వైపు ఉంటే ఆ కొన నేలకి ఆనుకుని, ఈడ్చుకుంటూ తనే బ్రేకుగా పనిచేస్తుంది. దిగువన ఎవరూ ఉండకూడదు, తాడు వరసలోనూ ఉండకూడదు. ఈ పద్ధతికి ఉన్న లోపం ఒక్కటే: టైం. మలుపు మలుపుకీ చక్రాల కింద అడ్డురాళ్లు పెట్టి, తాడు విప్పి, కొత్త చెట్టుకి చుట్టాలి. చెట్లు లేని బోడికొండ అయితే ఇది కుదరదు కూడా.

రివర్సు గురించి రెండు మాటలు. ట్రాలీ కింద, ట్రాక్టర్ పైన ఉంటాయి కాబట్టి డ్రాబార్ నెట్టుడులో కాక లాగుడులో ఉంటుంది, ట్రాక్టర్ బరువు కూడా బ్రేకులున్న వెనక చక్రాల మీదకే వస్తుంది. టూ వీల్ ట్రాక్టర్‌కి ఇది నిజమైన లాభం. అయితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ వినదు, రివర్సులో ట్రాలీ కొంచెం వంకర పోయినా ఆ వంకర పెరుగుతూనే పోతుంది. పొట్టి, నేరు బాటకి తప్ప పనికిరాదు. చిన్న ట్రాక్టర్‌ని ట్రాలీలో ఎక్కించి పెద్దదానితో దించుదామన్న ఆలోచన అయితే మొదట్లోనే మానుకోవచ్చు. ఎత్తులో బరువు, బ్రేకు లేని చక్రాలు, రెండూ ఒకేచోట చేరతాయి.

కాబట్టి 15 శాతం లోపు తగిలించుకుని దిగండి. 15 నుంచి 25 దాకా ట్రాలీకి బ్రేకులుంటే తగిలించుకునే, లేకపోతే సరుకు పైనే దించేసి ఖాళీ ట్రాలీతో, సరుకుని తర్వాత కొద్దికొద్దిగా. అంతకు మించితే, లేదా నేల తడిగా ఉంటే, ట్రాక్టర్లు విడిగా, ట్రాలీ తాడు మీద. ట్రాక్టర్లు దిగేటప్పుడు రోల్‌బార్ (బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే ఇనుప చట్రం) లేపి ఉండాలి, సీటు బెల్టు పెట్టుకోవాలి. రోల్‌బార్ మడిచి ఉంటే మాత్రం బెల్టు వద్దు, బోల్తా పడితే అది సీటుకి కట్టేసి నలిపేస్తుంది. వాలుకి అడ్డంగా కాక నేరుగా దిగాలి. లోడర్ ఉంటే ఖాళీ బకెట్‌ని నేలకి జానెడు ఎత్తులో ఉంచితే, పట్టు తప్పినప్పుడు దాన్ని నేలకి దింపి గుచ్చడానికి వీలుంటుంది. మొదటి ట్రాక్టర్ పూర్తిగా కిందికి దిగి, బాట వరస నుంచి పక్కకి తప్పుకున్నాకే రెండోదాన్ని పైనుంచి కదపాలి.