నిన్నటి లోడు పట్టీని జాంగోలో కాపీ తీయడానికి ఏది మేలు?

అనంతపురం చీనీ (బత్తాయి) మార్కెట్‌లో మండీలకు జాంగోలో, అంటే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఈ మాట తప్పక వినబడుతుంది: "నిన్నటి పట్టీ మాదిరే ఇంకోటి తీసియ్యప్పా, రేట్లు మేం మార్చుకుంటాం." పట్టీ అంటే ఒక లోడు అమ్మకం లెక్క రాసిన చీటీ. పార్టీ అదే, గ్రేడ్లు అవే. మారేవి లారీ నంబరు, బరువు, రేటు. బటన్ ఒకటే అయినా దాని వెనక పట్టీ ఒక టేబుల్లో, గ్రేడు వరుసలు ఇంకో టేబుల్లో, కాయ తెచ్చిన రైతులు మెనీ-టు-మెనీ లింకులో (ఒక పట్టీకి చాలామంది రైతులు, ఒక రైతుకు చాలా పట్టీలు), కాటా చీటీ ఫోటో ఫైల్ ఫీల్డులో ఉంటాయి. పైగా పట్టీ నంబరు యూనిక్, రెండు పట్టీలకు ఒకటే ఉండకూడదు.

జాంగో డాక్యుమెంటేషన్ చెప్పే దారి చిన్నది. రికార్డు తెచ్చి, పీకేను (ప్రైమరీ కీ, అంటే రికార్డును గుర్తించే ఐడీ) నన్ (None, ఖాళీ) చేసి, ఇది కొత్త రికార్డని చెప్పే _స్టేట్.యాడింగ్‌ను ట్రూ చేసి సేవ్ కొడితే కొత్త ఐడీతో కొత్త వరుస పడుతుంది. మోడల్ ఇన్‌హెరిటెన్స్ (ఒక మోడల్ మీద ఇంకో మోడల్ కట్టడం) వాడితే పీకే, ఐడీ రెండింటినీ నన్ చేయాలి. గ్రేడు మాస్టర్ లాంటి ఒంటి టేబుళ్లకు ఇంతకు మించి వెతకనక్కర్లేదు.

పట్టీకి ఇది చాలదు. సేవ్ అయ్యాక మీ చేతిలోని పట్టీ ఆబ్జెక్టే కొత్త రికార్డు అయిపోతుంది. అప్పుడు పట్టీ.వరుసలు.ఆల్() అని అడిగితే ఖాళీ వస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్న కొత్త ఐడీ మీద పోతుంది. పాత వరుసలు డేటాబేసులో భద్రంగానే ఉంటాయి. అందుకే పీకేను ముట్టుకోకముందే వరుసలను, రైతులను లిస్టులుగా తీసి పెట్టుకోవాలి. తర్వాత వరుసలను కొత్త పట్టీకి తగిలించి రాయాలి, రైతులను సెట్‌తో కలపాలి.

పట్టీ నంబరు మార్చడం మరిచిపోతే ఇంటెగ్రిటీ ఎర్రర్ (డేటాబేసు నియమం తప్పిందన్న లోపం) వెంటనే ఆపేస్తుంది, అది మంచిదే. భయపడాల్సింది చప్పుడు లేకుండా వచ్చేవాటికి. ఫోటో విషయమే చూడండి. కాపీ అయ్యేది ఫైలు దారి, ఫైలు కాదు. జాంగో 1.3 నుంచి రికార్డు తీసేసినా ఫైలు దానంతటది పోదు కాబట్టి చాలామంది సొంతంగా ఫైలు తుడిచే కోడ్ పెట్టుకుంటారు. అలాంటి చోట పాత పట్టీ తీసేస్తే కొత్త పట్టీ ఫోటో కూడా మాయమవుతుంది. ఇంతకన్నా చెడ్డది 'డబ్బు ముట్టింది' అన్న టిక్కు. నిన్నటి పట్టీలో అది ఉంటే ఈ రోజు లోడుకూ వచ్చేస్తుంది. రైతు చేతికి రూపాయి రాకముందే లెక్క తీరిపోయినట్టు స్క్రీన్ చూపిస్తుంది. రైతు డబ్బు లెక్కలో ఇలాంటి తప్పు జరగకూడదు.

అందుకే నా ఓటు సొంత మెథడ్‌కే. ఏ ఫీల్డులు కాపీ కావాలో పేరుపేరునా రాసి కొత్త పట్టీ సృష్టించండి: పార్టీ, రూటు, గ్రేడ్లు, రైతులు. నంబరు కొత్తది, టిక్కు ఫాల్స్, ఫోటో ఖాళీ. మొత్తం పనిని ట్రాన్సాక్షన్.అటామిక్‌లో (అయితే అంతా అవుతుంది, లేదంటే ఏదీ కాదు) పెడితే సగం వరుసలున్న పట్టీ మిగలదు. వచ్చే ఏడాది ఎవరైనా కొత్త కాలమ్ చేర్చినా, మనం అనుకుని రాసేదాకా అది కాపీ కాదు. పీకే నన్ పద్ధతిలో అన్నీ అడగకుండానే కాపీ అయిపోతాయి. కోడ్ ఇరవై ముప్పై లైన్లు పెరగొచ్చు, పెరగనివ్వండి.

వరుసలకు బల్క్_క్రియేట్ (చాలా వరుసలను ఒకేసారి రాసేది) వాడితే మోడల్ సేవ్ మెథడ్ నడవదు, సేవ్‌కు ముందూ తర్వాతా వచ్చే ప్రీ_సేవ్, పోస్ట్_సేవ్ సిగ్నళ్లు రావు. రుసుము లెక్క సేవ్‌లో కడుతుంటే అది తప్పిపోతుంది. ఒక లోడుకు ఉండేవి కొద్ది వరుసలే కాబట్టి లూపులో సేవ్ కొట్టినా నష్టం లేదు.

నేరుగా ఇన్సర్ట్-సెలెక్ట్ (ఉన్న వరుసలను ఎంచి కొత్తవిగా రాసే ఎస్‌క్యూఎల్ ఆదేశం) రాయడం వేలాది వరుసలకు తగినది. పాత సీజను రేట్ల పట్టికను కొత్త సీజనుకు ఎక్కించాలంటే అదే వేగం. కానీ సేవ్, సిగ్నళ్లు, ఆటో_నౌ_యాడ్ (సృష్టించిన తేదీని తానే వేసేది) ఏవీ పనిచేయవు. సృష్టించిన తేదీ కాలమ్‌ను సెలెక్ట్‌లో ఇస్తే పాత తేదీయే దిగుతుంది. పట్టీ-వరుసల జంటలకు పాత ఐడీ ఏ కొత్త ఐడీ అయిందో జత కలపడం తలనొప్పి.

జాంగో లాంటి వేరే ఫ్రేమ్‌వర్కులైన లారావెల్‌లో రెప్లికేట్, రెయిల్స్‌లో డప్ వాడేవాళ్లకూ ఇదే లెక్క. రెండూ తల్లి రికార్డునే కాపీ తీస్తాయి, పిల్ల వరుసలు మనమే రాయాలి. రెయిల్స్‌లో క్లోన్ జోలికి పోవద్దు, అది పాత ఐడీనే పట్టుకుని ఉంటుంది.

ఏది వాడినా టెస్టులో మూడు చూడండి: పాత పట్టీ వరుసలు తగ్గలేదు, కొత్తదానికి పాతదానికి ఉన్నన్ని వరుసలే వచ్చాయి, టిక్కు ఫాల్స్‌లో ఉంది.